ఆటకు డబ్బు ఎక్కడ కట్టాలి?

నిజాంపట్నం రేవు నుంచి బోటు వేటకు బయల్దేరే ముందు ఏమేం ఎక్కిస్తారో ఆ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఐసు, డీజిలు, బియ్యం, మంచినీళ్ళ డబ్బాలు, పచ్చడి. ఎవరూ లెక్కలో రాయని సరుకు ఇంకొకటి ఉంది. కుర్ర కళాసీలు ఫోన్లలో నింపుకెళ్ళే సినిమాలు, పాటలు, గేమ్‌లు. తీరం కనుమరుగైన కాసేపటికి సిగ్నల్ పోతుంది. వల వేశాక మళ్ళీ లాగేదాకా చాలాసేపు ఖాళీ. నెట్ లేకుండా ఆడే గేమ్ ఎవరి ఫోన్లో ఉంటే వాళ్ళ చుట్టూ నలుగురు చేరతారు. "నాకూ పంపరా" అంటే చాలు, ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుంది. బోటు ఒడ్డుకు వచ్చేసరికి అందరి దగ్గరా అదే గేమ్. దాన్ని చేసినవాడికి ఇందులో ఒక్క రూపాయి చేరలేదు. అసలు చేసినవాడంటూ ఒకడున్నాడన్న ఆలోచనే ఆ బోటు మీద ఎవరికీ రాదు.

ఆ చేసినవాడి గురించే ఈ వ్యాసం. పెద్ద కంపెనీల నష్టాల గురించి ఇప్పటికే చాలా చదివాం. నా దిగులంతా ఒక్కరో, ఇద్దరో, అయిదుగురో కలిసి, ఉద్యోగం మానేసో రాత్రుళ్ళు మేలుకునో, రెండుమూడేళ్ళు కష్టపడి ఒక గేమ్ తయారు చేసేవాళ్ళ గురించి. ఇండీ డెవలపర్లంటున్నాం వాళ్ళని. తమ పని కళ్ళముందే కాపీ అయిపోతుంటే వాళ్ళు ఏం చేశారు, అందులో ఏది ఫలించింది, ఏది వికటించింది, తెలుగు నేల అనుభవం దీనికి ఏం చేరుస్తుంది అన్నవి చూడాలి.

ముందుగా మన మీదున్న ఒక అపవాదు తీరిపోవాలి. "మనవాళ్ళు డబ్బు పెట్టి కొనరు" అంటారు. అది నిజం కాదు.

పదిహేనేళ్ళ కిందట రేపల్లె బస్టాండు దగ్గరా, తెనాలి స్టేషనుకు వెళ్ళే దారిలోనూ మొబైల్ షాపుల ముందు 'మెమరీ కార్డు లోడింగ్' అని అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి వేలాడదీసేవాళ్ళు. నేను వెళ్ళిన షాపు నవారు మంచమంత ఉండేది. గాజు బల్ల కింద ఫోను కవర్లు, ఛార్జర్లు. బల్ల వెనక కంప్యూటరు, దాని కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉండేవి. కుర్రాడు నా ఫోన్లోంచి కార్డు గోటితో పైకి లాగి, రీడర్లో గుచ్చి, తలెత్తకుండానే "ఏ ఫోనండీ?" అని అడిగేవాడు. మోడల్ చెబితే చాలు, స్క్రీను కొలత అతనికి నోటికి వచ్చు. ఫోల్డర్లు వరసగా ఉండేవి. కొత్త పాటలు, ఘంటసాల, భక్తి, కామెడీ, జావా గేమ్స్. గేమ్స్ లోపల మళ్ళీ 176 బై 220, 240 బై 320 అని స్క్రీనును బట్టి విడివిడి ఫోల్డర్లు. ఏ ఫోనుకు ఏ ఆట పడుతుందో, ఏది మధ్యలో ఆగిపోతుందో తెలిసిన మనిషి. 2 జీబీ కార్డు నింపితే ముప్పై రూపాయలు. నేను ఇచ్చాను. వరసలో నా ముందున్నవాళ్ళూ ఇచ్చారు.

అంతకు ముందు టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టెలొచ్చాయి. ఆ పెట్టే నకలు, దాంట్లో పెట్టే క్యాసెట్టూ నకలే. పైన లక్షలాది ఆటలని అచ్చువేసి ఉంటే, లోపల ఉన్న కొద్ది ఆటలే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆ క్యాసెట్లకూ డబ్బు పెట్టాం. తర్వాత నెట్ సెంటర్లలో గంటకింత అని ఇచ్చి వైస్ సిటీ, ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్ ఆడాం. ప్రతిచోటా జేబులోంచి డబ్బు తీశాం. అది షాపు కుర్రాడికి చేరింది, నెట్ సెంటరు ఓనరుకు చేరింది, క్యాసెట్లు తెచ్చి అమ్మినవాడికి చేరింది. ఆట చేసినవాడి దాకా వెళ్ళే దారి మాత్రం మా వైపు ఎవరూ వెయ్యలేదు. అసలు గేమ్ డబ్బా ఒక్కటి కూడా నేను చిన్నప్పుడు ఏ షాపు అద్దంలోనూ చూడలేదు. పైరసీ గురించి నాకు తెలిసిన నిజం ఇది. డబ్బు కట్టారు, చేరవలసిన చోటికి చేరలేదు. ఈ డబ్బు దారి పట్టుకుని నడిస్తే కాపీ చేసే వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టడం కుదరదని తెలుస్తుంది.

చేపల ఊరు కాబట్టి చేపల ఆటతోనే మొదలుపెడతాను. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో వ్లాంబీర్ అని ఇద్దరు మనుషుల స్టూడియో ఉండేది. 2010లో వాళ్ళు 'రాడికల్ ఫిషింగ్' అని బ్రౌజర్లో ఉచితంగా ఆడుకునే చిన్న ఆట చేశారు. గాలం కిందికి దిగుతున్నంతసేపూ చేపలకు తగలకుండా తప్పించాలి. పైకి లాగేటప్పుడు దొరికినన్ని పట్టాలి. నీళ్ళ పైకి రాగానే వాటిని గాల్లోకి ఎగరేసి తుపాకీతో కాల్చాలి. ఇదే ఆటను ఐఫోన్ కోసం పెంచి పెద్దది చేస్తుండగా 2011 ఆగస్టులో మరో కంపెనీ 'నింజా ఫిషింగ్' అని ఒకటి విడుదల చేసింది. గాలం అదే, దిగడం అదే, ఎగరెయ్యడం అదే. తుపాకీకి బదులు కత్తి. ఇందులో ఒక్క ఫైలు కూడా దొంగిలించలేదు. చట్టం కంటికి ఇది నేరమే కాదు. కోడ్‌కు, బొమ్మలకు, సంగీతానికి కాపీరైట్ ఉంటుంది గానీ ఆట పద్ధతికి ఉండదు. వ్లాంబీర్ ఇద్దరికీ చేతులు ఆడలేదు. పని నెలల తరబడి కుంటుపడింది. చివరికి 2013 మార్చిలో 'రిడిక్యులస్ ఫిషింగ్' పేరుతో బయటికొచ్చి, ఆ ఏడాది ఆపిల్ చేత ఐఫోన్ మేటి గేమ్ అనిపించుకుంది. ఆ మధ్యకాలంలో వాళ్ళు పడ్డ నిస్పృహ ఏ పైరసీ లెక్కలోనూ కనపడదు.

ఇలాంటిదే 2014లో మళ్ళీ జరిగింది. 'త్రీస్' అనే అంకెల ఆటను పద్నాలుగు నెలలు చెక్కి ఫిబ్రవరిలో విడుదల చేశారు. మార్చిలో పంతొమ్మిదేళ్ళ ఇటలీ కుర్రాడు ఒక వారాంతంలో '2048' రాసి నెట్‌లో ఉచితంగా పెట్టాడు. అతనికి దురుద్దేశం లేదు, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంచాడు. కానీ మన ఊళ్ళలో ఎవరినైనా అడగండి, 2048 తెలుసంటారు. త్రీస్ పేరు విన్నవాళ్ళు దొరకడం కష్టం.

వ్లాంబీర్ డచ్చివాళ్ళని చెప్పాను. 1606లో డచ్చి వర్తకులు స్థావరం పెట్టిన పెటపోలి ఈ నిజాంపట్నమే. 1611 ఆగస్టులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చి ఆగిందీ ఇక్కడే. తూర్పు వర్తకమంతా తనదేనని ఆ కంపెనీ దగ్గర పట్టా ఉండేది. ఆ పట్టా లేకుండా సరుకు కొన్న సొంత దేశస్థులనే అక్రమ వర్తకులని వెంటాడేది. పైరసీ అన్న మాట సముద్రం మీద పుట్టిందే. ఎవరు దొరో ఎవరు దొంగో తేల్చే అధికారం పట్టా ఉన్నవాడికే ఉండేది. పెద్ద కంపెనీలు పైరసీ గురించి మాట్లాడుతుంటే నాకు ఆ పట్టా గుర్తొస్తుంది. చిన్న డెవలపరు మాట్లాడితే గుర్తొచ్చే మనిషి వేరు. సొంత వల, అప్పు మీద కొన్న పడవ. రాత్రికి రాత్రి ఎవరో వలలో చేపలు దులుపుకుపోతే, స్టేషనుకు వెళ్ళి రెండు రోజులు కూర్చునే తీరిక కూడా లేని మనిషి. వీళ్ళిద్దరి బాధనూ ఒకే మాటతో చెప్పడం వల్ల చిన్నవాడికే అన్యాయం జరుగుతోంది.

ఇక నేరుగా ఫైలు కాపీ చేసే పైరసీ. దీని లెక్క ఎలా తీస్తారు? అమ్ముడైనవి ఎన్నో స్టోరు చెబుతుంది. ఆడుతున్నవాళ్ళెందరో స్కోర్లు అందుకునే సర్వరు చెబుతుంది. రెండిటి మధ్య తేడాయే డెవలపరుకు రాత్రి నిద్ర పట్టనివ్వదు. 2008 అక్టోబరులో ఇద్దరు స్నేహితులు 'వరల్డ్ ఆఫ్ గూ' విడుదల చేశారు. ధర 20 డాలర్లు, అప్పట్లో దాదాపు వెయ్యి రూపాయలు. కాపీని అడ్డుకునే తాళం ఏదీ పెట్టలేదు. స్కోర్లు పంపిన ఐపీ అడ్రసులను అమ్మకాలతో పోల్చి చూస్తే నూటికి 90 మంది కొనకుండా ఆడుతున్నట్టు తేలింది. ఒకే మనిషి రెండు మూడు చోట్ల నుంచి ఆడతాడు కదా అని సవరిస్తే 82. 'మాన్యుమెంట్ వ్యాలీ' చేసినవాళ్ళు 2015 జనవరిలో చెప్పిన లెక్క ఇంకా చేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోకి ఎక్కిన కాపీల్లో డబ్బు కట్టినవి 5 శాతం, ఐఫోన్లలో 40 శాతం. ఒకసారి కొన్నవాళ్ళు రెండు మూడు ఫోన్లలో వేసుకుని ఉంటారు, మిగతాదంతా దొంగతనమే అనలేమని వాళ్ళే అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అన్నిటికంటే మనసును పట్టేసేది 'గేమ్ డెవ్ టైకూన్' సంగతి. 2013 ఏప్రిల్. క్లూగ్ సోదరులు ఇద్దరే చేసిన ఆట. ధర 7 డాలర్ల 99 సెంట్లు. చిన్న గేమ్ కంపెనీ పెట్టి పైకి తీసుకురావడమే ఆ ఆటలో పని. ఎలాగూ క్రాక్ చేస్తారని తెలిసి, అమ్మకం మొదలైన వెంటనే తామే ఒక కాపీని టొరెంట్లలో వదిలారు. అందులో ఒక్కటే తేడా. కొన్ని గంటలు ఆడాక, మీ గేమ్‌ను జనం కొనకుండా దించుకుంటున్నారని సందేశం వస్తుంది. అక్కణ్ణుంచి ఎంత మంచి గేమ్ చేసినా ఖజానా తరుగుతూ పోయి కంపెనీ దివాలా తీస్తుంది. మొదటిరోజు ముగిసేసరికి 3,318 మంది ఆడారు. వాళ్ళలో 3,104 మందిది ఆ వదిలిన కాపీ. కొన్నవాళ్ళు 214. ఆ తర్వాత జరిగింది చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. డబ్బు కట్టకుండా ఆడుతున్నవాళ్ళే, ఈ పైరసీ వల్ల నా కంపెనీ మునిగిపోతోంది, దీన్ని ఆపే ఉపాయం ఆటలో ఎక్కడైనా ఉందా అని అందరినీ అడగడం మొదలుపెట్టారు. రెండు గంటలసేపు డెవలపరు కుర్చీలో కూర్చుంటే ఆ బాధ వాళ్ళకు సొంతమైంది. మన బోటు మీది కుర్రాళ్ళకు కూడా ఎప్పుడైనా ఆ కుర్చీ దొరికితే బాగుండుననిపించింది.

అయితే ఆ 3,104 కాపీలు 3,104 అమ్మకాల నష్టమా? కాదు. రిఫ్లెక్సివ్ అనే చిన్న గేమ్ కంపెనీ 2008లో బయటపెట్టిన అనుభవం ఇక్కడ పనికొస్తుంది. వాళ్ళ ఆటలో నూటికి 92 కాపీలు దొంగవే. తాళాలు మార్చి మార్చి చూస్తే, సుమారు వెయ్యి దొంగ కాపీలను ఆపినందుకు ఒక్క అమ్మకం పెరిగింది. మిగతావాళ్ళు ఆట మానేశారు లేదా ఇంకో ఆట చూసుకున్నారు. యూరోపియన్ కమిషన్ చేయించి 2017లో వెలుగులోకి వచ్చిన అధ్యయనం కూడా కొత్త సినిమాల విషయంలో తప్ప పైరసీ అమ్మకాలను తినేస్తోందని గట్టిగా చెప్పలేకపోయింది. అలాగని నష్టమే లేదనుకుంటే పొరపాటు. వోల్క్‌మన్ అనే పరిశోధకుడు డెనూవో అనే కాపీ నిరోధక తాళమున్న 86 పెద్ద గేమ్‌లను పరిశీలించి 2024లో ఒక పత్రం ప్రచురించాడు. విడుదలైన మొదటి వారంలోనే తాళం బద్దలైతే రాబడిలో దాదాపు 20 శాతం పోతుంది. పన్నెండు వారాలు నిలబడి ఆ తర్వాత బద్దలైతే పోయేది దాదాపు ఏమీ లేదు. ఈ మాట జెట్టీ మీద చెబితే ఎవరికీ వివరించనక్కర్లేదు. పొద్దున పాటలో పలికిన ధర మధ్యాహ్నానికి ఉండదు. గేమ్ కూడా పచ్చి చేపే. అందుకే ఆ మొదటి వారంలో పోటు పడితే చిన్న డెవలపరు తట్టుకోలేడు.

డెనూవో లాంటి తాళాలు కొనే స్తోమత ఇద్దరు మనుషుల స్టూడియోకు ఉండదు. వాళ్ళకు దొరికేది స్టోరు ఉచితంగా ఇచ్చే లైసెన్సు తనిఖీ. అది ఎలా పోతుందంటే, ఆండ్రాయిడ్ గేమ్ ఉండే ఏపీకే ఫైలును విప్పుతారు. 'ఇతను కొన్నాడా' అని అడిగే చోటు వెతికి, సమాధానం ఎప్పుడూ 'కొన్నాడు' అని వచ్చేట్టు మారుస్తారు. మళ్ళీ కట్టి, తమ సంతకం పెట్టి, 'మోడ్ ఏపీకే, అన్‌లిమిటెడ్ కాయిన్స్' అని సైటులో వేస్తారు. చేయి తిరిగినవాడికి పెద్ద పనేమీ కాదు. ఆ సైటులో నాలుగు డౌన్‌లోడ్ బటన్లుంటే మూడు ప్రకటనలు. ఆ ప్రకటనల డబ్బు సైటువాడిది. ఇంకొందరు ఇంకో అడుగు ముందుకేసి, గేమ్ లోపల డెవలపరు పెట్టుకున్న ప్రకటన ఖాతా నంబరు తీసేసి తమది పెడతారు. ఆ రోజు నుంచి గేమ్ ఆడుతున్న ప్రతి కుర్రాడూ ఎవరో ముక్కూముఖం తెలియని మనిషికి సంపాదించి పెడుతుంటాడు. బోటు మీదికి ఎక్కే ఫైళ్ళు పుట్టేది ఇలాంటి సైట్లలోనే. ముప్పై రూపాయలు తీసుకున్న షాపు కుర్రాడు కనీసం మన ఊరివాడు, మన కళ్ళముందు కూర్చునేవాడు.

ఇదంతా చూసి కొందరు వేరే దారి పట్టారు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారు. 2012లో 'హాట్‌లైన్ మయామి' చేసిన యోనాతన్ సోడర్‌స్ట్రోమ్ నేరుగా పైరేట్ బే సైటులోకే వెళ్ళి, తన ఆటను దించుకున్నవాళ్ళకు అందులోని లోపాలు ఎలా సరిచేసుకోవాలో చెప్పాడు. కొన్నా కొనకపోయినా ఆట బాగా ఆడాలన్నదే అతని తపన. 2017 ఆగస్టులో పోలండ్‌కు చెందిన ముగ్గురు మిత్రులు తమ 'డార్క్‌వుడ్'ను తామే టొరెంటులో పెట్టారు. డబ్బు లేనివాళ్ళు ఆడుకోండి, నచ్చితే ఎప్పుడైనా కొనండి, కీలు తిరిగి అమ్మే సైట్లలో మాత్రం దయచేసి కొనకండి అన్నది వాళ్ళ విన్నపం.

ఆ చివరి మాటలో లోతుంది. కీ అంటే గేమ్‌ను తెరిచే కోడ్. దొంగిలించిన క్రెడిట్ కార్డుతో డెవలపరు సొంత సైటులో ఒకడు యాభై కీలు కొంటాడు. వాటిని సగం ధరకు తిరిగి అమ్ముతాడు. కొన్నవాడు చవగ్గా దొరికిందని సంతోషిస్తాడు, డబ్బు కట్టాను కాబట్టి తప్పు చెయ్యలేదనే అనుకుంటాడు. నెల తిరక్కుండా కార్డు అసలు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, బ్యాంకు ఆ డబ్బు డెవలపరు దగ్గర్నుంచి వెనక్కి లాక్కుని పైన జరిమానా వేస్తుంది. టొరెంటులో పోతే రాబోయే డబ్బు పోతుంది, ఇక్కడ చేతిలోది పోతుంది. 'ఫాక్టోరియో' చేసిన వూబే అనే చెక్ స్టూడియో పట్టు వదలకుండా పోరాడితే, జీ2ఏ అనే అమ్మకాల సైటు 2020లో 198 దొంగ కీలు తమ ద్వారా అమ్ముడయ్యాయని తేల్చి 39,600 డాలర్లు చెల్లించింది. అలా రాబట్టుకోగలిగిన చిన్న స్టూడియోలు చాలా అరుదు.

పైరసీ గురించి తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదల కాకముందే సగానికి పైగా సినిమా సీడీల్లోకి ఎక్కింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆ కేసులో పెడన నుంచి తీగ లాగితే సినిమా నిర్మాణంలో పనిచేసిన మనిషి దగ్గర డొంక కదిలిందని పోలీసులు చెప్పారు. విడుదల సెప్టెంబరు 27కు ముందుకు జరిపారు. అభిమానులు వీధుల్లోకొచ్చి కాపలా కాశారు. సినిమా ఘనవిజయం సాధించింది. 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పైరసీ సినిమాల సైటు ఐబొమ్మ నిర్వాహకుణ్ణి అరెస్టు చేసినప్పుడు, బెట్టింగ్ యాప్‌ల ప్రచారం నుంచే డబ్బు వచ్చిందన్నారు. ఇక్కడా డబ్బు దారి అదే, చూసేవాడికి ఉచితం, మధ్యవాడికి పంట. తేడా ఏమిటంటే సినిమాకు ఫిలిం ఛాంబర్ ఉంది, అందులో పైరసీని వెంటాడే విభాగం ఉంది, అభిమాన సంఘాలున్నాయి. బాపట్లలో అద్దెగదిలో గేమ్ చేసే కుర్రాడి కోసం కాపలా కాసే అభిమాన సంఘం ఏది?

సినిమా కంటే దగ్గరి పోలిక మన డీటీపీ సెంటర్లలో ఉంది. తెనాలి అచ్చుపనికి పేరున్న ఊరు. శుభలేఖ దగ్గర్నుంచి కరపత్రం దాకా అక్కడి కంప్యూటర్లలో ఏళ్ళ తరబడి నడిచింది అను ఫాంట్లు. తెలుగు మార్కెట్‌ను నమ్ముకుని తెలుగు కోసం ఇక్కడే తయారైన సాఫ్ట్‌వేర్ అది. ఒక సెంటరు నుంచి ఇంకో సెంటరుకు అది ఎలా చేరేదో డీటీపీ పని నేర్చుకున్న ఎవరినడిగినా చెబుతారు. తెలుగు అక్షరాన్ని తెరమీదికి తెచ్చిన పనికి రావాల్సినంత రాలేదన్నది నా నమ్మకం. తర్వాత వేరే దారి దొరికింది. 2012 తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల కాలంలో సిలికానాంధ్ర, ప్రభుత్వం కలిసి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా అందించాయి. మండలి, రామభద్ర, సూరన్న, 'తెనాలి రామకృష్ణ' పేరుతోనూ ఒకటి. గీసినవాళ్ళ శ్రమకు ముందే ఖర్చు పెట్టి, ఫలితాన్ని జనానికి వదిలేశారు. కాపీ చేసుకున్నా ఇక దొంగతనం కాదు. గేమ్‌ల విషయంలో, కనీసం పిల్లలకు తెలుగు నేర్పే గేమ్‌ల విషయంలో, ఈ పద్ధతిని మన ప్రభుత్వాలు ఎందుకు ఆలోచించకూడదో నాకు అర్థం కాదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ పెద్దగా దొరికేది లేదు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనతో సమానంగా చూస్తుంది. దొంగ కాపీ అని తెలిసి వాడితే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. లాభం కోసం కాకుండా వాడుకుంటే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకుంది. తాళం బద్దలు కొట్టడాన్ని 2012 సవరణ నేరం చేసింది. పుస్తకంలో అన్నీ ఉన్నాయి. ఏ దేశంలో ఉందో తెలియని సర్వరు మీద, పేరు తెలియని మనిషి మీద, వంద రూపాయల గేమ్ కోసం కేసు నడిపేవాడే లేడు. లింకు తీసెయ్యమని ఫారం పంపితే తీస్తారు, తెల్లారేసరికి ఇంకో పది పుడతాయి. ఆ ఫారాలు నింపే గంటలన్నీ తర్వాతి గేమ్‌లోంచి కోసి ఇచ్చినవే.

నిజంగా పనిచేసిన మందు ఏదైనా ఉందంటే అది డబ్బు దారి వెయ్యడమే. పైరసీ ధరల సమస్య కంటే సేవల సమస్య అని స్టీమ్ స్టోరు నడిపే వాల్వ్ కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ 2011లోనే అన్నాడు. మా వైపు అది అక్షరాలా నిజమైంది. 2013లో గేమ్ డెవ్ టైకూన్ కొనాలని తెనాలి కుర్రాడెవరికైనా మనసైనా, విదేశీ లావాదేవీకి చెల్లే క్రెడిట్ కార్డు ఇంట్లో ఉండాలి. ఉన్న ఇళ్ళు ఎన్ని? 2015 జులైలో గూగుల్ ప్లే మన దేశంలో యాప్ కనీస ధరను 50 రూపాయల నుంచి 10కి దించింది. ఆ ఏడాదే స్టీమ్ రూపాయల్లో ధరలు చూపించడం మొదలుపెట్టింది. 2016లో యూపీఐ, జియో రెండూ వచ్చాయి. ఇప్పుడు నిజాంపట్నంలో చేపల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఆమె దగ్గరా స్కానరు ఉంది. కట్టే దారి లేదన్న మాట ఇప్పుడు చెల్లదు, కట్టాలని అడిగేవాళ్ళే మన దగ్గరికి రావడం లేదు.

అడక్కుండానే గెలిచిన పద్ధతి ఇంకొకటి. గేమ్ ఉచితంగా ఇచ్చి లోపల వస్తువులమ్మడం. 'డెడ్ ట్రిగ్గర్' అనే గేమ్ ఆండ్రాయిడ్‌లో ఒక డాలరు కూడా లేని ధరకు అమ్ముడయ్యేది. పైరసీ తట్టుకోలేక 2012లో ఉచితమైపోయింది. పబ్జీ, ఫ్రీ ఫైర్ మన ఊళ్ళను ఊపేసినప్పుడు వాటికి పైరసీ సమస్యే లేదు, ఆటంతా సర్వరులో ఉంటుంది కాబట్టి. హైదరాబాద్‌లో పుట్టిన క్రికెట్ గేమ్ హిట్‌వికెట్ ఇదే దారిలో ఎదిగి, 2020లో కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో గేమ్‌ల విభాగంలో గెలిచింది. వ్యాపారంగా ఇది తెలివైన దారే. కానీ నాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఇలాంటి గేమ్ ఎప్పటికీ పూర్తి కాదు, పూర్తయితే డబ్బు ఆగిపోతుంది. మనిషిని వదలకుండా పట్టుకోవడమే దాని పనైపోతుంది. రెండోది, అది బోటు మీద నడవదు. సిగ్నల్ లేని చోట చచ్చిపోతుంది. మొదలు, నడుమ, ముగింపు ఉండి, ఒకసారి కొంటే మన సొంతమైపోయే కథలాంటి గేమ్‌లు ఉండాలి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో మన పురాణాల నుంచి ఊపిరి తీసుకుని చేసిన 'అసుర' అలాంటిది. కొద్దిమంది మనుషులతో ఇలాంటివి చెయ్యొచ్చని చూపించిన గేమ్. పైరసీ మొదట చంపేది వీటినే, ఎందుకంటే మొత్తం ఆట ఒక్క ఫైలులో కొన్నవాడి చేతికే ఇచ్చేస్తారు.

ఆ చేతికి ఇచ్చేదాంట్లో డెవలపరుకు మిగిలేదెంత? స్టీమ్‌లో వంద రూపాయలు పెట్టి ఒక గేమ్ కొన్నారనుకోండి. అందులోంచి 18 శాతం జీఎస్టీ తీస్తే 84 రూపాయల 75 పైసలు. దాంట్లో స్టోరు వాటా 30 శాతం పోతే 59 చిల్లర. దానిమీద ఆదాయపన్ను. ఇద్దరుంటే చెరి సగం. స్టోరులో గేమ్ పెట్టడానికి ముందే కట్టిన వంద డాలర్లు తిరిగి రావాలన్నా బోలెడు మంది కొనాలి. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981 నుంచి ఉంది. తెనాలి, రేపల్లె, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో యూనిటీ, గోడో లాంటి గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటున్న పిల్లలకు కొదవ లేదు. వాళ్ళలో ఎవరైనా తెలుగులో గేమ్ చేద్దామనుకుంటే మొన్నమొన్నటిదాకా ఒత్తులే విడిపోయేవి. 'లక్ష్మి' అని రాస్తే తెరమీద ముక్కలు ముక్కలుగా పడేది. 2023లో వచ్చిన గోడో నాలుగో వెర్షనుతో ఆ బాధ చాలావరకు తీరింది, అదీ ఉచితంగా. అంటే పనిముట్టు చేతికొచ్చింది, భాష తెరమీదికొచ్చింది, డబ్బు కట్టే స్కానరు ప్రతి బల్ల మీదా ఉంది.

నేను చిన్న డెవలపర్లను అడిగేది ఒకటే. స్నేహితుడి ఫోనుకు పంపేవాణ్ణి వెంటాడొద్దు. అతని దగ్గర మధ్యలో డబ్బు తినేవాడెవడూ లేడు. ఆ పంపకాన్నే వాడుకోండి. మొదటి రెండు అంచెలు నెట్ లేకుండా ఎవరి ఫోన్లోకైనా వెళ్ళేట్టు మీరే చేసి వదలండి. ఆఖర్న మీ ఊరి పేరు, మీ ముఖం, ఎన్నాళ్ళు పట్టిందో చెప్పండి, మిగతాది ఇరవై తొమ్మిది రూపాయలనండి. కొననివాడికీ మీరెవరో తెలుస్తుంది. కోపం ఎవరిమీదైనా ఉంచుకోవాలంటే ప్రకటన ఖాతా మార్చి మళ్ళీ కట్టేవాడి మీద, దొంగ కార్డులతో కీలు కొనేవాడి మీద ఉంచుకోండి. పోలీసులను అడగాల్సింది కూడా వాళ్ళ గురించే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి. కుర్రాళ్ళు వలలు బాగుచేస్తూ, మిగతా పొద్దు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. మొన్నటి నిషేధంలో రేపల్లె వెళ్ళినప్పుడు ఆ పాత మెమరీ కార్డు షాపు ముందు ఆగాను. అట్టముక్క ఎప్పుడో పోయింది. ఇప్పుడు రీఛార్జీలు, టెంపర్డ్ గ్లాసులు, ఇయర్ ఫోన్లు. ఆ కుర్రాడికి నెత్తి మీద జుట్టు పలచబడింది, నన్ను గుర్తుపట్టలేదు. బల్ల మీద స్కానరు బొమ్మ, పక్కన డబ్బులు పడ్డాయని బిగ్గరగా చెప్పే చిన్న స్పీకరు. "గేములేమైనా అమ్ముతారా?" అని అడిగాను. "గేములు కొనేదేముందండీ, ఫోన్లోనే ఉంటాయిగా" అన్నాడు. "బాపట్ల పిల్లలు చేసిందొకటి ఉంటే, ఇరవై తొమ్మిదైతే పెడతారా?" అన్నాను. కాసేపు ఆలోచించాడు. "ఏ ఫోన్లకు పడుద్దండీ?" అని అడిగాడు.